రక్తంలో ఏమీ లేదు, ఊపిరి గొట్టాల్లోనే అంతా: ఆర్‌ఎస్‌వీ వైరస్ సోకిన ఏడు వారాల బాబు కేసు

ఈ బాబును నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి సరిగ్గా చూడలేదు.

(తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో లేవు.)

జలుబు మొదలైన రెండో రోజు ఓపీకి తీసుకొచ్చారు. వయసు 7 వారాలు, బరువు 3.4 కిలోలు. ముక్కు కారుతోంది, అప్పుడప్పుడు దగ్గు, జ్వరం లేదు. స్టెతస్కోప్ పెట్టి వింటే గాలి రెండు వైపులా బాగానే వెళ్తోంది. మూడేళ్ల అక్కకు నాలుగు రోజులుగా రొంప అన్నారు. "జలుబేనమ్మా, ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి" అని పంపేశాను. నేను చెప్పిందాంట్లో తప్పు లేదు, అడగాల్సింది అడగకపోవడమే తప్పు. వయసు అడిగాను, బరువు చూశాను, ఎన్నో వారంలో పుట్టాడో అడగలేదు. 34 వారాలకే పుట్టాడు. ఆ సంగతి తల్లి బ్యాగులో ఉన్న డిశ్చార్జ్ కాగితం రెండో పేజీలో ఉంది. ఇంకోటి, ఊపిరి లెక్కపెట్టలేదు. "కొంచెం వేగంగా ఉందేమో" అనుకుని వదిలేశాను.

నాలుగో రోజు రాత్రి ఎమర్జెన్సీకి వచ్చారు. ఈలోగా ఇంకో చోట చూపిస్తే యాంటీబయాటిక్ సిరప్, సాల్బుటమాల్ కలిసిన దగ్గు సిరప్ రాశారట. తల్లి ఏడుస్తోంది, అందుకని అమ్మమ్మే మాట్లాడింది.

"డొక్కలు ఎగరేస్తున్నాడండి. పొద్దుట్నుంచి సగం పాలు కూడా తాగలేదు. ఇందాక ఒక్కసారి ఊపిరి తీయడం మర్చిపోయినట్టు ఆగిపోయాడు. వీపు మీద తడితే మళ్లీ తీశాడు."

సగం పాలు, ఎగిరే డొక్కలు, ఆగిన ఊపిరి. నా కేస్ షీట్‌లో మొదటి మూడు లైన్లు ఆవిడ చెప్పినవే.

ఈసారి చొక్కా విప్పించి, పొట్ట మీద చూపు పెట్టి, పూర్తి నిమిషం లెక్కపెట్టాను. 68. పసిపిల్లలు కాసేపు గబగబా పీల్చి, కాసేపు నెమ్మదిస్తారు. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే మోసపోతాం. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, పక్కటెముకల కింద చర్మం ప్రతి శ్వాసకూ గుంటపడుతోంది. ఆక్సిజన్ 88 శాతం, గుండె నిమిషానికి 172, ఉష్ణోగ్రత 37.3 డిగ్రీలు. ఛాతీలో రెండు వైపులా సన్నటి చిటపటలు, వదిలే ఊపిరిలో పిల్లికూతలు. డైపర్ తడిసి ఏడు గంటలైంది.

ముక్కులోంచి తీసిన నమూనాలో ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) పాజిటివ్. బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల వాపు) అన్నది అప్పటికే తెలిసిపోయింది, పరీక్ష వైరస్ పేరు మాత్రమే చెప్పింది. 1956లో జలుబు చేసిన చింపాంజీల్లో మొదట దొరికిన వైరస్ ఇది. మరుసటి ఏడాదే పసిపిల్లల్లోనూ కనిపించింది. రెండేళ్లు నిండేసరికి దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా సోకుతుంది. ఎక్కువమందికి అది జలుబే. ప్రపంచం మొత్తం మీద 2019లో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు లక్ష మరణాలకు ఇది కారణమని అంచనా, అందులో దాదాపు సగం ఆరు నెలల్లోపు వాళ్లవే.

ఈ కేసులో నన్ను ఆపి ఆలోచింపజేసింది రక్తపరీక్ష. తెల్లకణాలు 9,200, అందులో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి మొదట పరిగెత్తే రకం) 31 శాతం. ఒంట్లో మంటను (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ 9. ఏడు వారాల బిడ్డకు మామూలు లెక్కలే. రిపోర్ట్ చూసిన జూనియర్ డాక్టర్ అన్నాడు: "సార్, బాడీ అసలు రియాక్ట్ అవ్వట్లేదు. ఇమ్యూనిటీ వీక్ కదా."

అదే సమయంలో నర్సు సక్షన్ చేస్తోంది. సన్న గొట్టంలోకి వచ్చింది మామూలు చీమిడి కాదు, జిగురుగా, తాడులా సాగుతూ, లేత ఆకుపచ్చగా ఉంది. "పచ్చగా ఉంది, ఇన్ఫెక్షన్ ముదిరింది, యాంటీబయాటిక్ కావాలి" అని చాలామంది అనుకునేది ఆ రంగు చూసే. ఆ పచ్చదనం బాక్టీరియాది కాదు. న్యూట్రోఫిల్స్ లోపల ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌దే ఆ రంగు. అంటే రక్తంలో కనిపించని సైన్యం అప్పటికే ఊపిరి గొట్టాల్లో దిగి పనిలో ఉంది. తీవ్రమైన ఆర్‌ఎస్‌వీ బ్రాంకియోలైటిస్‌లో శ్వాసనాళాల నుంచి కడిగి తీసిన ద్రవంలో కణాలను లెక్కపెడితే ఎక్కువ భాగం న్యూట్రోఫిల్సే కనిపిస్తాయి. అవి చచ్చి, తమ డీఎన్‌ఏను వలలా విప్పి, కఫాన్ని మరింత జిగురు చేస్తాయి. జూనియర్‌ను పిలిచి ఆ సక్షన్ బాటిల్ చూపించాను. "రియాక్ట్ అవ్వట్లేదన్నావు, ఇదేంటి మరి?"

"ఇమ్యూనిటీ తక్కువ" అన్న మాటను నేను కొన్నేళ్లుగా వాడటం మానేశాను. తల్లిదండ్రులకు అది వాళ్ల లోపంలా వినిపిస్తుంది, వెంటనే టానిక్కుల వేటలో పడతారు. పైగా అది నిజం కాదు. పసిబిడ్డ రోగనిరోధక వ్యవస్థ వేరే పని కోసం సర్దుకుని ఉంటుంది. తొమ్మిది నెలలు తల్లి కణాలతో గొడవ పడకుండా ఉండాలి. పుట్టగానే పేగుల్లో, చర్మం మీద కోట్ల బాక్టీరియా కాపురం పెడితే ప్రతిదానికీ మంట రేపకూడదు. అందుకే ఆ వ్యవస్థ నిదానంగా, ఓర్పుగా ఉండేలా తయారవుతుంది. వైరస్ పట్టిన కణాన్ని గుర్తించి చంపే టీ కణాలకు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం కావాలి. అది పసివాళ్లలో తక్కువగా వస్తుంది. బదులుగా అలర్జీ వైపు మొగ్గే టీహెచ్2 రకం సంకేతాలు ఎక్కువ. వైరస్‌ను శుభ్రం చేసే పని ఆలస్యమవుతుంది, ఈలోగా న్యూట్రోఫిల్స్ గుంపుగా వచ్చి పడతాయి.

దీనికి తోడు ఆర్‌ఎస్‌వీకి ఒక తెలివి ఉంది. ఏ కణానికైనా వైరస్ సోకగానే ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక వదలాలి, పక్క కణాలు తలుపులు వేసుకోవాలి. ఆర్‌ఎస్‌వీ తనతో ఎన్‌ఎస్1, ఎన్‌ఎస్2 అనే రెండు ప్రోటీన్లు తెచ్చుకుంటుంది. అవి ఆ హెచ్చరికను మొదట్లోనే నొక్కేస్తాయి. అసలే మెల్లగా మోగే గంట, దానికి కూడా గుడ్డ చుట్టినట్టు.

కోవిడ్‌తో పోలిస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. పసిపిల్లలకు కోవిడ్ సోకినా ఎక్కువమంది తేలిగ్గానే బయటపడ్డారు. 2023లో సెల్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, కోవిడ్ సోకిన పసిపిల్లల రక్తంలో మంట సంకేతాలు పెద్దగా పెరగలేదు, ముక్కులో మాత్రం ఇంటర్‌ఫెరాన్ జోరుగా కనిపించింది. వాళ్ల యాంటీబాడీలు కూడా పెద్దవాళ్లలోలా పడిపోకుండా నెలల తరబడి నిలిచాయి. అదే వయసు, అదే వ్యవస్థ. ఒక వైరస్‌ను ముక్కు దగ్గరే ఆపగలిగింది, ఇంకోదాన్ని ఆపలేకపోయింది. "వీక్" అన్న మాట ఈ రెండింటికీ ఎలా అతుకుతుంది?

మళ్లీ బాబు దగ్గరకు వద్దాం. 34 వారాలు అన్న అంకె ఎందుకంత ముఖ్యం? తల్లి ఐజీజీ యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. నెలలు నిండిన బిడ్డ రక్తంలో అవి తల్లిలో ఉన్నంత, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. ఆరు వారాల ముందే పుట్టినవాడికి ఆ ఆస్తి పూర్తిగా చేతికి రాలేదు. వచ్చింది కూడా సుమారు మూడు నాలుగు వారాలకోసారి సగమవుతుంది. ఏడు వారాలంటే రెండుసార్లు సగం, మిగిలింది దాదాపు పావు వంతు. సొంత యాంటీబాడీలు ఇంకా తయారీలోనే ఉన్నాయి. ఈ రెండింటి మధ్య సందులో వైరస్ దొరికింది. "నా పాలు తాగుతున్నాడు కదా సార్, మరి ఎందుకొచ్చింది?" అని తల్లి అడిగింది. పాలల్లో ఉండే ఐజీఏ అనే యాంటీబాడీ ముక్కు, గొంతు, పేగుల పూతలా పనిచేస్తుంది, చాలావరకు రక్తంలోకి వెళ్లదు. అది చాలా మేలు చేస్తుంది కానీ పూర్తి కవచం కాదు. ఆ అమ్మాయి ముఖంలో "నా వల్లే" అన్న భావం కనిపించింది కాబట్టి రెండుసార్లు చెప్పాను: "నీ వల్ల కాదమ్మా. నీ పాల వల్లే ఇంతలో ఆగి ఉండొచ్చు."

ఇక గొట్టాల కొలత. పిల్లల వైద్యంలో నాకు అన్నిటికంటే భయం పుట్టించే లెక్క ఇది. గాలి నిలకడగా పారే గొట్టం వ్యాసం సగానికి తగ్గితే అడ్డు రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. పెద్దవాళ్ల నాళంలో కాస్త వాపు వస్తే గొంతు గరగరలాడుతుంది. ఈ బాబు బ్రాంకియోల్స్ (చివరి సన్న గొట్టాలు) వెడల్పు మిల్లీమీటరులో చిన్న భాగం. అదే మందం వాపు, పైన కఫం, చచ్చిన కణాల తుక్కు చేరితే గొట్టం మూసుకుపోయినట్టే. పెద్దవాళ్లలో మూసుకున్న గాలిగదికి పక్క గది నుంచి చిన్న రంధ్రాల ద్వారా గాలి అందుతుంది. పసివాళ్లలో ఆ పక్కదారులు సరిగ్గా ఏర్పడవు. అందుకే గొట్టం మూసుకున్న భాగం చప్పున ముడుచుకుపోతుంది.

ఎక్స్‌రేలో అదే కనిపించింది, అదే నన్ను తికమక పెట్టింది. కుడి ఊపిరితిత్తి పై భాగం తెల్లగా ఉంది. న్యుమోనియానా, ముడుచుకున్న భాగమా? అంచు పైకి లాగినట్టు ఉంది, ముడుచుకుందనే అనుకున్నాను. కానీ 34 వారాలకే పుట్టిన బిడ్డ, ఒకసారి ఊపిరి ఆగింది, రాత్రి పదకొండు. రక్తం, మూత్రం కల్చర్‌కు పంపి యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. అది సరైన నిర్ణయమని వాదించను. ఆర్‌ఎస్‌వీ పాజిటివ్ ఉన్న చిన్నపిల్లల్లో అదే సమయంలో బాక్టీరియా సోకడం అరుదే, దొరికితే ఎక్కువగా మూత్రంలోనే దొరుకుతుంది. కల్చర్లలో ఏమీ పెరగలేదు. 48 గంటలకు ఆపేశాను. మొదలుపెట్టడం కంటే ఆపడమే కష్టం, ఎందుకంటే అప్పటికి బాబు ఇంకా బాగుపడలేదు.

"మెషిన్ పెట్టరా?" అని అమ్మమ్మ అడిగింది. ఆవిడ ఉద్దేశం నెబ్యులైజర్. పెట్టలేదు. సాల్బుటమాల్ పనిచేసేది నాళాల చుట్టూ బిగుసుకున్న కండరం మీద. ఇక్కడ బిగుసుకుంది పెద్దగా ఏమీ లేదు, లోపల తుక్కు నిండింది. గొట్టం బయట ఎంత నొక్కినా, వదిలినా లోపలి తుక్కు పోదు. పైగా గుండె ఇంకా పరిగెత్తుతుంది. స్టెరాయిడ్లు కూడా అంతే. మంట ఎక్కువైందంటున్నారు కదా, మంట తగ్గించే మందు ఎందుకు పనిచేయదు అని ఎవరైనా అడగొచ్చు. కాగితం మీద సరైన ప్రశ్నే. పెద్ద పెద్ద ట్రయల్స్‌లో మాత్రం ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు. న్యూట్రోఫిల్స్ స్టెరాయిడ్లకు అంతగా లొంగవు కూడా. మొదటిసారి పిల్లికూతలు వచ్చిన పసిబిడ్డకు ఈ రెండూ మామూలుగా వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది.

మరి చేసిందేంటి? ముక్కు శుభ్రం చేశాం. ఈ వయసులో బిడ్డలు ముక్కుతోనే ఊపిరి తీయడానికి అలవాటుపడి ఉంటారు. ఒక్క సక్షన్‌తో శ్వాస 68 నుంచి 60కి దిగింది, ఏ మందూ అంత త్వరగా చేయలేదు. హై ఫ్లో (ముక్కులోకి వేగంగా గాలి, ఆక్సిజన్ పంపే యంత్రం) మీద పెట్టాం, నిమిషానికి 7 లీటర్లు, 40 శాతం ఆక్సిజన్. రక్తంలో సోడియం కాస్త తక్కువగా, 132 వచ్చింది. ఊపిరితిత్తులు ఇలా ఉబ్బినప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి సెలైన్ మామూలు కంటే తగ్గించి ఇచ్చాం. పొద్దున్నకల్లా ముక్కు గొట్టం ద్వారా తల్లి పిండిన పాలు మొదలుపెట్టాం.

తెల్లవారుజామున మూడు గంటలకు ఊపిరి ఆగింది. ఇరవై సెకన్లు. ఆక్సిజన్ 71కి పడింది, నర్సు పాదం గీకితే మళ్లీ మొదలైంది. నలభై నిమిషాలకు ఇంకోసారి. ఆర్‌ఎస్‌వీలో పసిబిడ్డల ఊపిరి ఇలా ఆగడం అలసట వల్ల మాత్రమే అనుకుంటాం. అది నిజం కాదు, జలుబు తప్ప ఇంకేమీ లేని దశలో, ఆయాసం రాకముందే ఆగిన పిల్లలున్నారు. రెండు నెలల్లోపు వాళ్లు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు దీనికి ఎక్కువగా గురవుతారు. శ్వాసను నడిపే మెదడు కేంద్రం ఇంకా పక్వం కాలేదు, పైన ఇన్ఫెక్షన్ సంకేతాలు దాన్ని మరింత మందగింపజేస్తాయి. ఆ కేంద్రాన్ని ఉత్తేజపరిచే కెఫీన్ మందు గురించి మాట్లాడుకున్నాం, ఇవ్వలేదు. సీపాప్ (ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మీద 6 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో పెట్టాం. వెంటిలేటర్ పక్కనే సిద్ధంగా ఉంచాం. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు టెన్షన్‌గానే ఉంది, మొదటి ఓపీ చూపు తల్లో తిరుగుతూనే ఉంది.

మళ్లీ ఆగలేదు. 36 గంటలకు సీపాప్ తీశాం, జబ్బు ఏడో రోజుకు హై ఫ్లో తగ్గించాం, తొమ్మిదో రోజుకు ఆక్సిజన్ లేకుండా 95 నిలబడింది. రెండో ఎక్స్‌రేలో పై భాగం విప్పుకుంది. న్యుమోనియా అంత త్వరగా అలా పోదు. మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు పెరిగి, తర్వాత దిగడం ఈ జబ్బు నడక. ఈ బాబు ఆ నడకే నడిచాడు, కాస్త గట్టిగా. పదో రోజు ఇంటికి పంపాం. దగ్గు మూడు వారాలు ఉంటుందని, అది చూసి కంగారుపడి మళ్లీ సిరప్‌లు వేయొద్దని చెప్పాను. వైరస్ ఇంత చిన్నపిల్లల ముక్కులోంచి వారాల తరబడి వస్తూనే ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉంటే చేతులు కడుక్కోవడం ఆపొద్దని కూడా.

డిశ్చార్జ్ రోజు తండ్రి అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. "ఇమ్యూనిటీ బూస్టర్ ఏదైనా రాయండి సార్." నేను ఆయనకు 1960ల నాటి సంగతి చెప్పాను. అప్పుడు అమెరికాలో ఆర్‌ఎస్‌వీని ఫార్మాలిన్‌తో చంపి పసిపిల్లలకు టీకాగా ఇచ్చారు. యాంటీబాడీలు వచ్చాయి. తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు, ఒక ట్రయల్‌లో టీకా వేసుకుని జబ్బు పడిన 20 మందిలో 16 మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. టీకా వేయని పిల్లల్లో అలా జరగలేదు. వచ్చిన యాంటీబాడీలు వైరస్‌ను గట్టిగా పట్టలేనివి, రేగిన స్పందన టీహెచ్2 వైపుది. పసిబిడ్డ వ్యవస్థను ఊరికే "పెంచితే" ఏమవుతుందో ఆ ఇద్దరు పిల్లలు చూపించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ వైరస్‌కు టీకా చేయడానికి అందరూ జంకారు.

దారి తెరుచుకుంది 2013లో. ఈ వైరస్ కణంలోకి దూరడానికి వాడే ఎఫ్ ప్రోటీన్, దూరకముందు ఒక ఆకారంలో, దూరాక ఇంకో ఆకారంలో ఉంటుంది. ముందటి ఆకారం ఎలా ఉంటుందో ఆ ఏడాది తేల్చారు. దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలే బలమైనవి. అందుకే ఇప్పుడు బిడ్డ వ్యవస్థను కదిలించకుండా తయారైన యాంటీబాడీనే ఇస్తున్నారు. నిర్సెవిమాబ్ ఒక్క సూది, 5 కిలోల్లోపు బిడ్డకు 50 మిల్లీగ్రాములు, ఒక సీజన్ మొత్తం పనిచేస్తుంది. లేదా తల్లికి గర్భం 32 నుంచి 36 వారాల మధ్య (అమెరికా సూచన ప్రకారం) టీకా వేస్తే ఆమె చేసిన యాంటీబాడీలే మాయ గుండా బిడ్డకు వెళ్తాయి. టీకాకూ కాన్పుకూ మధ్య కనీసం రెండు వారాలు కావాలి. ఈ బాబు 34 వారాలకే వచ్చేశాడు కాబట్టి తల్లి టీకా దారి అతనికి చాలా ఇరుకు. సూది దొరికే చోట ఇలాంటివాళ్లకే అది అందరికంటే ముందు పడాలి.

"అంటే వయసు టీకాలు కూడా ఇప్పుడు వద్దా?" అని తండ్రి వెంటనే అందుకున్నాడు. నేను చెప్పిన కథ ఎటు వెళ్తుందో ముందే ఊహించాల్సింది. వద్దు కాదు, జలుబు వల్ల వెనక్కి జరిగినవి వచ్చే వారమే వేయించుకోమన్నాను. పసివాళ్లు ఆ టీకాలకు బాగానే స్పందిస్తారు, ఒక్క డోసుతో వచ్చిన యాంటీబాడీలు త్వరగా దిగుతాయి కాబట్టే రెండు మూడు డోసులు పెట్టారు.

ఐదో నెలలో మళ్లీ జలుబు, ఈసారి కాస్త పిల్లికూతలతో వచ్చాడు. పాలు తాగుతున్నాడు, శ్వాస 44, ఆక్సిజన్ 97. ఆర్‌ఎస్‌వీ వచ్చినవాళ్లకు తర్వాత పిల్లికూతలు ఎక్కువేనని తెలుసు. ఆ జబ్బు వల్ల వచ్చాయా, ముందే అలాంటి నాళాలున్న పిల్లలకే ఆర్‌ఎస్‌వీ గట్టిగా పట్టిందా అన్న వాదన పూర్తిగా తేలలేదు. నెదర్లాండ్స్‌లో 33 నుంచి 35 వారాల మధ్య పుట్టిన 429 మంది మీద చేసిన ట్రయల్‌లో, పాలివిజుమాబ్ (ఆర్‌ఎస్‌వీ మీద పాత తరం యాంటీబాడీ సూది) ఇచ్చిన పిల్లలకు మొదటి ఏడాదిలో పిల్లికూతల రోజులు 61 శాతం తగ్గాయి. ఆరేళ్ల వయసుకు ఊపిరితిత్తుల పనితీరులో తేడా కనిపించలేదు. తల్లికి ఇంత చెప్పలేదు. మందేమీ అక్కర్లేదని, పాలు సగానికి తగ్గితే రమ్మని చెప్పాను.

వెళ్లేముందు ఆ అమ్మాయి ఫోన్ తీసి పాత వీడియో ఒకటి చూపించింది. మొదటిసారి నా ఓపీకి వచ్చేముందు రాత్రి తీసిందట, నిమిషం పైగా ఉంది. నిద్రపోతున్న బాబు, పక్కన అక్క దగ్గు. "అప్పుడే చూపిద్దామనుకున్నాను సార్, మీరు బిజీగా ఉన్నారని ఆగాను." పొట్ట మీద చూపు పెట్టి లెక్కపెట్టాను. 62.

ఇప్పుడు ఓపీలో నా టేబుల్ మీద ఒక కాగితం అతికించి ఉంది. మూడు నెలల్లోపు బిడ్డ వస్తే నన్ను నేను అడగాల్సినవి దాని మీద రాసుకున్నాను: ఎన్నో వారంలో పుట్టాడు, పాలు ఎంత తాగాడు, వీడియో ఉందా.